సొంత అవయవం లేని సర్జన్

చిన్నప్పటి పరీక్ష పేపర్లలో 'కింది వాటిని జతపరచుము' అని ఒక ప్రశ్న ఉండేది. నాలుగు సరిగ్గా జతపరిస్తే ఐదోది తెలియకపోయినా దానంతటదే కుదిరిపోయేది. మెడికల్ కాలేజీ విద్యార్థుల చేతికి ఇంచుమించు ఇలాంటి పేపరే ఇచ్చి పరిశోధకులు చాలా ఏళ్లుగా ఒక సంగతి తేల్చుకోవాలని చూస్తున్నారు. ఎడమ పక్క జబ్బులూ దెబ్బలూ, కుడి పక్క డాక్టర్లు. ఏ రోగి ఎవరి దగ్గరికి వెళ్లాలి? బ్రిటన్‌లో అడిగారు, అమెరికాలో అడిగారు, మన దేశంలోనూ అడిగారు.

జవాబుల తీరు ఎక్కడైనా దాదాపు ఒకటే. ముక్కు చక్కదిద్దడానికీ ముఖం మీద ముడతలు తీయడానికీ ప్లాస్టిక్ సర్జన్ అని అందరూ గీత గీసేస్తారు. కాలిన గాయాలకూ చాలామంది గీస్తారు. చెయ్యి దగ్గరికొచ్చేసరికి ఆ గీత ఎముకల డాక్టరు వైపు తిరుగుతుంది. ముఖంలో ఎముక విరిగితే ఈఎన్‌టీ వైపో, పళ్ల డాక్టరు వైపో పోతుంది. ఇవి తప్పు జవాబులు అనలేం. ఆ పనులు వాళ్లూ చేస్తారు. కాకపోతే ఆ వరసలో ప్లాస్టిక్ సర్జన్ కూడా ఉంటారనీ, ఒక్కోసారి ముందుండాల్సింది వాళ్లేననీ పిల్లలకు తట్టదు. రేపు క్యాజువాలిటీలో నిలబడి మనల్ని ఏ ఆసుపత్రికి పంపాలో చెప్పేది ఈ పిల్లలే కదా. అందుకని దీన్ని వాళ్ల మార్కుల గొడవ అని వదిలేయడానికి లేదు.

అసలు తప్పు పిల్లలది కాదు. మెడికల్ కాలేజీలో మనిషి శరీరాన్ని పొలానికి గట్లు వేసినట్టు పంచేశారు. కళ్లు ఒకరికి, చెవి ముక్కు గొంతు ఒకరికి, ఎముకలు ఒకరికి, గుండె ఒకరికి. ఈ పంపకంలో ప్లాస్టిక్ సర్జన్‌కు సెంటు భూమి రాలేదు. పోనీ చర్మం వాళ్లదేమో అనుకుంటే దానికి చర్మవ్యాధుల డాక్టరు ఉన్నారు. ఎంబీబీఎస్‌లో ఇది విడి సబ్జెక్టు కాదు. జనరల్ సర్జరీ పుస్తకంలో కాలిన గాయాలు, చర్మం అతకడం, గ్రహణం మొర్రి అంటూ కొన్ని అధ్యాయాలుగా వచ్చిపోతుంది. ఆ విభాగమే లేని కాలేజీలో చదివితే అలాంటి ఆపరేషన్ ఒక్కటీ కళ్లారా చూడకుండానే హౌస్ సర్జన్సీ ముగించేయొచ్చు. అదే ప్లాస్టిక్ సర్జన్ కావాలంటే ఎంబీబీఎస్ అయ్యాక జనరల్ సర్జరీలో మూడేళ్ల ఎంఎస్, ఆపైన మరో మూడేళ్ల ఎంసీహెచ్ చదవడం మన దేశంలో మామూలు దారి.

సొంత భూమి లేనివాళ్లు అందరి పొలాల్లోనూ పనిచేస్తారు. క్యాన్సర్ సర్జన్ దవడ తీసేస్తే కొత్త దవడ కట్టడానికి ప్లాస్టిక్ సర్జన్‌ను పిలుస్తారు. గుండె ఆపరేషన్ తర్వాత రొమ్ముటెముక మీద గాయం చీము పట్టి విచ్చుకుంటే, ఛాతీ కండరం తిప్పి ఆ గోతిని పూడ్చడానికి పిలుస్తారు. యాక్సిడెంటులో మోకాలి కింద ఎముక బయటపడితే ఎముకల డాక్టరు రాడ్లు బిగించి, పైన కప్పడానికి కబురు పెడతారు. మంచం పట్టిన మనిషికి నడుం కింద పడిన పుండు, షుగరు రోగి పాదం, బోదకాలు, మూత్రద్వారం ఉండాల్సిన చోట కాక కిందికి ఉండి పుట్టిన మగబిడ్డ, ముఖం ఒక పక్క వాలిపోయి కన్ను మూయలేని మనిషి. వీళ్లందరికీ కలిసే సంగతి ఒకటే. ఉన్నచోటి నుంచి చర్మమో కండరమో ఎముకో నరమో తీసి, లేనిచోట పెట్టి, అక్కడ దాన్ని బతికించాలి. తక్కిన సర్జన్లకు ఒక్కో అవయవం ఉంటే ప్లాస్టిక్ సర్జన్‌కు ఉన్నది ఈ ఒక్క విద్య. అవయవాల లెక్కన చదువు చెప్పే చోట ఒక విద్యను ఏ గదిలో కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియలేదు.

పేరు కూడా దారి తప్పిస్తుంది. ఇందులోని ప్లాస్టిక్ మన బకెట్ల ప్లాస్టిక్ కాదు. మట్టినో మైనాన్నో కావలసిన రూపానికి తేవడాన్ని చెప్పే గ్రీకు మాట అది. జర్మన్ సర్జన్ గ్రాఫె ముక్కు కట్టడం గురించి రాసిన పుస్తకానికి 1818లోనే 'రైనోప్లాస్టిక్' అని పేరు పెట్టాడు. 1838లో ట్సైస్ అనే మరో జర్మన్ ఈ శాస్త్రం మొత్తానికి 'ప్లాస్టిక్ సర్జరీ' పేరుతోనే గ్రంథం రాశాడు. బేకలైట్, అంటే పూర్తిగా రసాయనాలతో తయారైన మొదటి ప్లాస్టిక్, పుట్టింది 1907లో. బకెట్టు కన్నా సర్జనే పెద్ద.

సినిమాలు కూడా తమ వంతు సాయం చేశాయి. 2014లో వచ్చిన 'ఎవడు'లో ఒళ్లు కాలిన అల్లు అర్జున్ కట్లు విప్పేసరికి రామ్ చరణ్ అయిపోతాడు. నిజంగా ఒకరి ముఖంలో భాగాన్ని ఇంకొకరికి అతికించిన మొదటి ఆపరేషన్ 2005లో ఫ్రాన్స్‌లో జరిగింది. కుక్క కరిచి ముక్కు, పెదవులు, గడ్డం పోగొట్టుకున్న మహిళకు బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచి తీసి పెట్టారు. ముఖం తీరును చాలావరకు లోపలి ఎముకలే నిర్ణయిస్తాయి కనుక ఇలాంటి ఆపరేషన్లలో మనిషి అచ్చం దాతలా మారిపోరు. కొత్త ముఖాన్ని శరీరం తిప్పికొట్టకుండా బతికినన్నాళ్లూ మందులు మింగాలి. కట్లు విప్పగానే డ్యూయెట్ అందుకునే వీలు అసలే ఉండదు.

ఈ విద్యలో మన వాటా గురించి చాలామంది విన్నారు గానీ, సాధారణంగా రెండు కథలు కలిపేసి వింటారు. శుశ్రుత సంహితలో ఉన్నది చెంప మీది చర్మంతో ముక్కు కట్టే పద్ధతి. తెగిన చెవి తమ్మెలను అతికే 15 తీరులు కూడా అందులో ఉన్నాయి. బుట్టకమ్మల బరువుకి తమ్మె చీలినవాళ్లు ఈనాటికీ ప్లాస్టిక్ సర్జన్ ఓపీకి వస్తూనే ఉన్నారు. నుదుటి చర్మంతో ముక్కు కట్టే పద్ధతి ఐరోపాకు తెలిసింది చాలా తర్వాత, అదీ ఒక పత్రికకు వచ్చిన ఉత్తరం ద్వారా. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కావస్‌జీ 1792 యుద్ధంలో టిప్పు సేనకు చిక్కాడు. అతని ముక్కూ ఒక చెయ్యీ కోసేశారు. పుణె దగ్గర, డాక్టరు చదువు చదవని ఒక సంప్రదాయ వైద్యుడు అతనికి ముక్కు కట్టాడు. 1794 అక్టోబరులో లండన్ 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' బొమ్మతో సహా ఆ కథ అచ్చువేసింది. అది చదివి లండన్ సర్జన్ జోసెఫ్ కార్ప్యూ ముందు శవాల మీద సాధన చేసి, 1814లో బతికున్న మనిషి మీద ప్రయత్నించి నెగ్గాడు.

పుణె వైద్యుడు చేసింది ఇది. మైనం రేకును ముక్కు ఆకారంలో అద్దుకుని, దాన్ని నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీశాడు. గీత వెంట చర్మం కోశాడు. కనుబొమల మధ్య మాత్రం సన్నటి వంతెనలా కొంచెం కోయకుండా వదిలాడు. ఆ చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు ఉండాల్సిన చోట అమర్చాడు. వంతెనను ఎందుకు వదలాలో తెలిస్తే ప్లాస్టిక్ సర్జరీలో సగం తెలిసినట్టే. ఆ వంతెనలోంచే రక్తం వస్తుంది.

చర్మం మార్చి పెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది గ్రాఫ్ట్. ఇది నారు పీకి నాటడం లాంటిది. తొడ మీద చర్మపు పై పొరను కాగితమంత పల్చగా చెక్కి తీసి గాయం మీద పరుస్తారు. తీసిన క్షణం నుంచీ దానికి రక్తం లేదు. మొదటి రెండు రోజులు కింద గాయంలో ఊరే ద్రవాన్ని పీల్చుకుని ప్రాణం నిలుపుకుంటుంది. ఆ తర్వాత గాయంలోని సన్నటి రక్తనాళాల మొనలు పై చర్మం నాళాల మొనలను వెతుక్కుంటూ వచ్చి కలుస్తాయి. ఐదు రోజుల తర్వాత కట్టు విప్పి చూస్తే గులాబీ రంగు కనబడుతుంది. నాటిన వరి మూన తిరగడమంటే రైతుకు ఎంత నిశ్చింతో, ఆ రంగు చూస్తే సర్జన్‌కు అంత. తొడ మీద కూడా వెంట్రుకల కుదుళ్లలో, చెమట గ్రంథుల్లో మిగిలిన కణాల నుంచి రెండు వారాల్లో కొత్త చర్మం వచ్చేస్తుంది. ఒళ్లు బాగా కాలి, తీయడానికి చర్మం చాలనివాళ్లకు ఉన్న కాస్త చర్మానికే చిల్లులు పొడిచి వలలా సాగదీసి పరుస్తారు. అదీ చాలకపోతే చనిపోయినవాళ్లు దానం చేసిన చర్మం తాత్కాలిక కప్పుగా ప్రాణం నిలబెడుతుంది. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో అందుకోసం స్కిన్ బ్యాంకు ఉంది. కళ్లు దానం చేయమంటే ఒప్పుకునే కుటుంబాలు చర్మం అనగానే జంకుతాయి. తీసేది కాగితమంత పొర అని చెబితే ఆ జంకు కొంత తగ్గుతుంది.

నారు తడి మడిలోనే బతుకుతుంది. కింద బోడి ఎముకో బోడి స్నాయువో ఉంటే అది రాతినేల. అక్కడ గ్రాఫ్ట్ మాడిపోతుంది. అప్పుడు కావాల్సింది రెండో దారి, ఫ్లాప్. తన రక్తాన్ని తనతో తెచ్చుకునే కండ అది. మామిడి తోటల వాళ్లకు దీని సూత్రం చెప్పక్కర్లేదు. అంటు కట్టే పాత పద్ధతుల్లో ఒకటుంది. తల్లి చెట్టు కొమ్మను కోయకుండానే కుండీలో మొక్కను దాని దగ్గరికి తెచ్చి, రెండింటినీ చెక్కి కలిపి కడతారు. అతుక్కున్నాకే కొమ్మను తల్లి నుంచి వేరు చేస్తారు. 1597లో ఇటలీలోని బొలోన్యాలో తల్యాకోత్సి అచ్చంగా ఇదే రాశాడు. చెయ్యి పైభాగం చర్మాన్ని ఒక పక్క తెంచకుండానే ముక్కుకు కుట్టి, చేతిని తలకు కట్టేసి వారాల తరబడి ఉంచాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ గుళ్లకు దవడలూ ముక్కులూ ఎగిరిపోయిన సైనికుల కోసం 1917లో ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో ప్రత్యేకంగా ఆసుపత్రి తెరిచారు. న్యూజీలాండ్‌లో పుట్టిన హెరాల్డ్ గిలీస్ అక్కడ ఆ చర్మాన్ని గొట్టంలా చుట్టి కుట్టాడు. లోపలి పచ్చి భాగం మూసుకుపోయి చీము పట్టడం తగ్గింది.

1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో టేలర్, డేనియల్ అనే ఇద్దరు సర్జన్లు ఇంకో అడుగు వేశారు. గజ్జల దగ్గరి చర్మాన్ని దాని ధమని, సిరతో సహా పూర్తిగా కోసి తీసి, కాలి చీలమండ దగ్గర మైక్రోస్కోపు కింద ఆ నాళాలను అక్కడి నాళాలకు కుట్టారు. ఇక్కడ మామిడి అంటు పోలిక చాలదు. కొమ్మను నరికేసి మరో చెట్టు వేరుకు గొట్టం కలిపినట్టన్నమాట. ఈ కుట్లకు వాడే నైలాన్ దారం వెంట్రుకలో మూడో వంతు లావుంటుంది. వేలిలోని రక్తనాళం మిల్లీమీటరు అటూ ఇటూ. అందులో గడ్డ కడితే మొత్తం పని వృథా. అందుకే ఆపరేషన్ అయ్యాక గంట గంటకూ ఫ్లాప్ రంగు చూస్తారు. పాలిపోయిందంటే రక్తం రావడం లేదు, నీలంగా మారిందంటే వచ్చిన రక్తం పోవడం లేదు. అర్ధరాత్రైనా తిరిగి థియేటర్‌కు తీసుకెళ్లాల్సిందే.

ఏ చర్మం ఏ నాళం మీద ఆధారపడి ఉందో తెలియకుండా ఇదంతా గుడ్డిగా చేయలేరు. అదే టేలర్, పామర్ అనే సహచరుడితో కలిసి శవాల నాళాల్లోకి సిరా ఎక్కించి 1987లో శరీరాన్ని సుమారు 40 భాగాలుగా పంచి చూపాడు. ఒక్కో భాగం ఒక్కో నాళం కింద ఆయకట్టు. పక్క ఆయకట్టుకు కూడా కొంత నీళ్లు పారతాయి, దాని అవతలి పొలానికి మాత్రం పారవు. ఫ్లాప్ ఎంత పెద్దది తీయొచ్చో ఆ లెక్క చెబుతుంది.

మోకాలి కింద పెద్ద ఎముక పక్కన సన్నటి ఎముక ఇంకోటుంది. బరువు మోసేది ముఖ్యంగా పెద్ద ఎముకే. సన్నెముకలో రెండు చివరలూ కొంత వదిలి నడిమి భాగాన్ని నాళాలతో సహా తీసినా మనిషి నడవగలడు. న్యూయార్క్‌లో డేవిడ్ హిడాల్గో ఆ ఎముకను ముక్కలుగా కోసి, వంచి, కింది దవడగా అమర్చి 1989లో ప్రకటించాడు. గుట్కా, ఖైనీ నమిలే మన దేశంలో ఆ ఆపరేషన్ ఎంతమందికి అవసరమో చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. కణితి తీసేశాక ముక్కులోకీ నోట్లోకీ మధ్య మిగిలిన కంతను పూడ్చేదీ ఇదే విద్య.

విద్యార్థుల పేపర్లో నేనైతే ఇంకో ప్రశ్న చేరుస్తాను. మూత్రపిండ మార్పిడిని మొదట నెగ్గించింది ఎవరు? ఎదురుగా ప్లాస్టిక్ సర్జన్ అని గీసేవాళ్లు తరగతికి ఒక్కరు కూడా ఉండరేమో. రెండో ప్రపంచ యుద్ధంలో జోసెఫ్ మర్రే అమెరికా సైనిక ఆసుపత్రిలో కాలిన సైనికులకు చర్మం అతికేవాడు. ఇతరుల చర్మం కొన్నాళ్లుండి కరిగిపోయేది. ఎందుకని అతని బుర్ర తొలిచేసింది. ఒకే పోలిక కవలల మధ్య మార్చిన చర్మం నిలుస్తుందని 1937లోనే ఇంకో ప్లాస్టిక్ సర్జన్ చూపాడు. చర్మం నిలిస్తే కిడ్నీ ఎందుకు నిలవదు? 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో మర్రే, రోనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు పెట్టాడు. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు బతికాడు. 1990లో మర్రేకు నోబెల్ వచ్చింది. అటు ఇంగ్లండ్‌లో కాలిన విమానచోదకుడి గ్రాఫ్టులు ఎందుకు ఊడుతున్నాయో వెతుకుతూ పోయిన పీటర్ మెడవార్‌కు 1960లోనే వచ్చింది. ఇప్పుడు జరిగే ప్రతి అవయవ మార్పిడి వెనకా కాలిన చర్మం కథ ఉంది.

అందం పనిని చిన్నచూపు చూడాలని నా ఉద్దేశం కాదు. మచ్చ కనబడకుండా కుట్టడం నేర్చిన చెయ్యే రెండు పనులూ చేస్తుంది. నాకు అభ్యంతరమల్లా, బోర్డు మీద 'కాస్మెటిక్' అని రాసుకున్న ప్రతివాళ్లూ ప్లాస్టిక్ సర్జన్లే అనుకోవడం. కత్తి పట్టే ముందు ఆ చేతికి ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ ఉందా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

విద్యార్థి గీత తప్పు గీస్తే పోయేది ఒక మార్కు. అదే విద్యార్థి డాక్టరయ్యాక ఆలస్యంగా పంపితే పోయేది వేరు. బయటపడిన కాలి ఎముక సంగతే తీసుకోండి. స్లొవేనియాలోని లుబ్లియానాలో మార్కో గొడీనా 532 మంది రోగుల లెక్క తీశాడు. 1986లో అచ్చయింది. గాయమైన 72 గంటల్లో ఫ్లాప్ కప్పినవాళ్లలో అది విఫలమైంది ఒక శాతం కన్నా తక్కువ మందిలో. ఆ తర్వాత మూడు నెలల్లోపు కప్పినవాళ్లలో 12 శాతం. పరికరాలూ మందులూ మెరుగై ఇప్పుడు ఆ 72 గంటల గీత అంత కచ్చితమైనది కాకపోయినా, త్వరపడాలన్న మాట మారలేదు. బైకు మీంచి పడి మెడకూ భుజానికీ మధ్య నరాలు తెగి చెయ్యి వేలాడేవాళ్లను చూడండి. కరెంటు పెట్టించుకుంటూ, మాలిష్ చేయించుకుంటూ ఏడాది గడిపేస్తారు. పక్క నరంలో ఒక పోగు తెచ్చి కలిపి మోచెయ్యి మళ్లీ వంగేలా చేయొచ్చు. కానీ అది మూడు నుంచి ఆరు నెలల లోపు జరగాలి. నరం అందక ఎండిన కండరం ఆ తర్వాత తిరిగి లేవడం కష్టం.

గ్రహణం మొర్రీ అంతే. ప్రపంచంలో సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతుంది. పై పెదవి రెండు పక్కల నుంచి వచ్చి కలవాల్సింది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. అక్కడ కలవకపోవడం తప్ప, తల్లి గ్రహణం రోజు కూర కోసిందా లేదా అన్నదానికి దీంతో సంబంధం లేదు. పెదవి మూడు నెలలకు, అంగిలి ఏడాదీ ఏడాదిన్నర లోపు కుట్టిస్తే మాట స్పష్టంగా వస్తుంది. పెళ్లీడు వచ్చాక తీసుకొస్తే పెదవి బాగానే కలుస్తుంది, ముక్కుతో పలికే మాట మాత్రం చాలావరకు మిగిలిపోతుంది.

చివరిగా, మెడికల్ కాలేజీ గుమ్మం ఎక్కని మనకు పనికొచ్చే సంగతి. గడ్డి కోసే మిషన్‌లోనో చెరుకు గానుగలోనో ఎవరిదైనా వేలు తెగిపడితే, ఆ వేలిని నేరుగా ఐసులో వేయకండి. కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి. మంచినీళ్లతో కడిగి, శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి, ఆ కవర్ని ఐసు కలిపిన నీళ్లలో ఉంచండి. తెగిన చోట రక్తం ఆగేలా శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మైక్రోసర్జరీ చేసే ప్లాస్టిక్ సర్జన్ ఎక్కడున్నారో ముందు ఫోన్ చేసి కనుక్కుని నేరుగా అక్కడికే వెళ్లండి. చల్లగా ఉంచిన వేలు చాలా గంటలు ఆగుతుంది. కండ ఎక్కువున్న చెయ్యో కాలో అయితే ఆరు గంటలకు మించి ఆగడం కష్టం. ఎన్నింటికి తెగిందో ఆ కవర్ మీద పెన్నుతో రాయడం మరిచిపోకండి.